కొత్తింట్లోకి చేతిపని సామాను కొనబోయే ముందు

చిరంజీవి బిడ్డకు,

పెద్దనాన్న ఆశీస్సులు. మీ పెద్దమ్మా నేనూ బాగున్నాం.

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాం. కొండాపూర్ ఫ్లాట్ బాగుంది. వంటింట్లోకీ బాల్కనీలోకీ ఎండ బాగా పడుతోంది, ఆ ఎండ నీకు బాగా పనికొస్తుంది, ముందు ముందు చెబుతాను. ఇంట్లోకి పాతకాలపు చేతిపని వస్తువులు కొనాలని ఉంది, ఏవి కొనాలో, ఎక్కడ కొనాలో, మోసపోకుండా ఎట్లా చూసుకోవాలో చెప్పమని అడిగావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదే, తీరిగ్గా చదువుకో.

హాల్లో గోడకు ఎడ్లబండి చక్రం బిగించి, పక్కన నాగలి నిలబెడదామని అల్లుడు అంటున్నాడని రాశావు. నా మాట వింటే ఆ రెండూ వద్దు. ఆ డబ్బుతో రోజూ మీ చేతుల్లో తిరిగే వస్తువులు కొనండి. అవి అరుగుతాయి, పగులుతాయి, బాగు చేయించుకోవాల్సి వస్తుంది, మళ్లీ కొంటారు. చేసేవాడికి పని దొరికేది అట్లాగే. గోడకెక్కిన చక్రంతో ఏ వడ్రంగికీ ఒక్కరోజు పని కూడా దొరకదు. పాత సామాన్లవాళ్లు ఊళ్లో తూకానికి కొని, ఇక్కడ పాలిష్ కొట్టి అమ్ముతున్నారు, అంతే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ చక్రం వెనక ఎంత పని ఉందో నేను చూశాను. నువ్వు పుట్టేసరికే మన ఊరి బండ్లకు రబ్బరు టైర్లు వచ్చేశాయి. వడ్రంగి కదా మీ తాత, మధ్య దిమ్మకు బాగా ఎండిన తుమ్మకర్ర తీసుకునేవాడు. దానికి చుట్టూ తొలులు తొలిచి ఆకులు, అంటే చక్రం అడ్డకర్రలు, దిగ్గొట్టేవాడు. ఆకుల చివర్లకు వంపు చెక్కలు ఒక్కొక్కటీ కూర్చి గుండ్రంగా తెచ్చేవాడు. ఒక్క మేకు కూడా ఉండేది కాదు. అక్కడితో వడ్రంగి పని అయిపోయేది, కమ్మరి పని మొదలయ్యేది. చక్రం చుట్టుకొలత కన్నా ఇనుప పట్టా కాస్త తక్కువ ఉండేలా కొలిచి అతికేవాడు. పిడకలు గుండ్రంగా పేర్చి, పట్టాను వాటి మధ్య పెట్టి ఎర్రగా కాల్చేవాళ్లు. వేడికి ఇనుము సాగుతుంది కదా. ముగ్గురు నలుగురు పటకార్లతో దాన్ని ఎత్తుకొచ్చి, నేలమీద పరిచిన చక్రానికి తొడిగి, సుత్తులతో కొట్టి దించేవాళ్లు. చెక్క భగ్గున అంటుకునేది. వెంటనే బిందెలతో నీళ్లు పోసేవాళ్లు. ఇనుము చల్లారుతూ బిగుసుకుంటుంటే అతుకులన్నీ టకటకమంటూ లోపలికి కూర్చునేవి. ఆ చప్పుడు విని చక్రం కుదిరిందో లేదో మీ తాత చెప్పేసేవాడు.

ఇంత చేసినా మీ తాతకు తిండి పెట్టింది కొత్త చక్రాలు కాదమ్మా. నాగలి మేడి విరిగినా, గుంటక పళ్లు వదులైనా, కాడి చీలినా మన గడపలోకే వచ్చేవాళ్లు. ఏడాది పొడుగునా అట్లా బాగు చేసి పెట్టినందుకు పంట రాగానే కళ్లంలో గింజలు కొలిచి ఇచ్చేవాళ్లు. కుమ్మరికీ కమ్మరికీ చాకలికీ మంగలికీ అందరికీ అదే పద్ధతి. ట్రాక్టర్లు వచ్చాక బాగు చేసే పని ఆగిపోయింది, దాంతో గింజలూ ఆగిపోయాయి. నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో చేరింది అందుకే. కాబట్టి ఏ వస్తువు కొన్నా ఇది చూడు: మళ్లీ మళ్లీ ఆ మనిషి దగ్గరికి వెళ్లే అవసరం దీంతో మాకు ఉంటుందా, ఉండదా? ఉంటే కొను.

ముందు కుండలతో మొదలుపెట్టు. ఖర్చు తక్కువ, వారం తిరిగేసరికి తేడా తెలుస్తుంది. తాగే నీళ్లకు ఒక రంజన్, పెరుగు తోడు పెట్టడానికి రెండు గురుగులు, పప్పుకో పులుసుకో మూతతో ఒక వంట కుండ. ఇవి చాలు.

ఎండాకాలం రోడ్ల పక్కన వరసగా పేర్చి అమ్మే కుండలన్నీ మన దగ్గర చేసినవి అనుకోకు. కుళాయి బిగించి, పూలు గీసి, రంగులేసినవి చాలా బయటి రాష్ట్రాల నుంచి లారీల్లో దిగుతాయి. అవీ ఎక్కడో ఒక కుమ్మరి చేసినవే, వాటిని తప్పు పట్టను. కానీ నీకు కావాల్సింది పగిలితే మళ్లీ వెళ్లి అడగగలిగే మనిషి. కుమ్మరిగూడ, కుమ్మరివాడి అని పేర్లున్న బస్తీలు మన జంట నగరాల్లోనే ఉన్నాయి. అటువైపు వెళ్లి వాకబు చెయ్యి. మీరే చేస్తారా, తెచ్చి అమ్ముతారా అని మర్యాదగా అడుగు. తెచ్చి అమ్మితే ఏ ఊరి నుంచో అడుగు. నిజం చెప్పడానికి వాళ్లకేం మొహమాటం ఉండదు.

కుండను చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో కొట్టి చూడు. ఖంగుమంటే బాగా కాలింది. చప్పుడు మొద్దుగా వస్తే ఎక్కడో వెంట్రుకంత పగులు ఉంది, లేదా కుండలు కాల్చే ఆవంలో సరిగా కాలలేదు. తర్వాత లోపల చెయ్యి పెట్టి తడుము. చిన్న చిన్న గుంటలు వేళ్లకు తగిలితే అది కొట్టి పెంచిన కుండ. కుమ్మరి తిప్పే సారె మీద తీసినప్పుడు కుండ గోడ మందంగా ఉంటుంది, అడుగు కూడా ఉండదు. కాస్త ఆరాక లోపల ఒక రాయి ఆనించి పట్టుకుని, బయట నుంచి చెక్కతో తడుతూ తడుతూ గోడను పలచగా సాగదీసి అడుగు మూస్తారు. ఆ గుంటలు ఆ రాయి గుర్తులు. ఈ పని ఎక్కువగా ఆ ఇంటి ఆడవాళ్లే చేయడం నేను చూశాను. అచ్చులో పోసిన కుండ లోపల నున్నగా, అన్నీ ఒకే కొలతలో ఉంటాయి.

వంటకు కావాలని విడిగా చెప్పి తీసుకో. వంట కుండ మట్టిలో ఇసుక పాలు ఎక్కువ కలుపుతారు, మంటకు తట్టుకోవాలి కదా. నీళ్ల కుండను పొయ్యి మీద పెడితే పగిలిపోతుంది, అప్పుడు కుమ్మరిని తిట్టుకుని లాభం లేదు. లోపల వార్నిష్‌లాగా మెరిసేది, ఆయిల్ పెయింట్ వేసింది వంటకు అసలే వద్దు. నల్ల కుండ కనిపిస్తే తడిగుడ్డతో గట్టిగా రుద్ది చూడు. ఆవంలో పొగ పట్టి నల్లబడ్డది రంగు వదలదు, పూసినదైతే గుడ్డకు అంటుకుంటుంది.

ఇంటికి తెచ్చాక వంట కుండను ఒక పగలూ ఒక రాత్రీ నీళ్లలో ముంచి ఉంచు. బుడగలు బుడగలుగా గాలి వస్తుంటుంది, అది ఆగేదాకా తియ్యకు. తర్వాత నీడలో ఆరబెట్టి, గంజి గానీ బియ్యం కడిగిన నీళ్లు గానీ ముప్పాతిక దాకా పోసి, సన్నమంట మీద చాలాసేపు మరగనివ్వు. గంజి మట్టి రంధ్రాల్లోకి దిగి కుండ గట్టిపడుతుంది. రెండోసారి చేసినా మంచిదే. వంట చేసేటప్పుడు స్టవ్ సిమ్‌లో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. వేడి కుండలో చన్నీళ్లు పోయకూడదు. మీ వంటింట్లో అంతా గ్రానైట్ బండే కదా, తడి బండ మీద వేడి కుండ పెట్టావో టప్పున చీలుతుంది. పాత బట్టతో గట్టి కుదురు చుట్టి పెట్టుకో. ఇండక్షన్ స్టవ్ మీద మట్టి కుండ పనిచెయ్యదు, గ్యాస్ పొయ్యే వాడాలి. గిన్నెలు తోమే సబ్బు, లిక్విడ్ వాడకు. మట్టి దాన్ని పీల్చుకుని మర్నాడు పప్పులో వదులుతుంది. వేడినీళ్లు, కొబ్బరి పీచు, జిడ్డుంటే కాస్త శనగపిండి చాలు. తర్వాత నీ బాల్కనీ ఎండలో బోర్లించు. తడిగా అల్మారాలో పెట్టి తలుపు మూశావంటే బూజు పడుతుంది.

నీళ్ల రంజన్‌కు మాత్రం ఈ గంజి పని చెయ్యొద్దు. దాని రంధ్రాలు తెరుచుకునే ఉండాలి. నీళ్లు బయటికి చెమర్చి, గాలికి ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతాయి, నీళ్లు చల్లబడేది అందుకే. కాబట్టి గాలి తగిలే కిటికీ దగ్గర, ఇసుక పోసిన పళ్లెంలో పెట్టు. బయటంతా రంగు పూసిన కుండలో నీళ్లు చల్లబడవు. వానలు మొదలై గాల్లో తేమ పెరిగితే మంచి కుండలో కూడా అంతగా చల్లబడవు, కుండ పాడైందని పారెయ్యకు. మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు వస్తే కొన్నాళ్లకు బయట తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. అది రంధ్రాలు పూడ్చేస్తుంది. నిమ్మచెక్కతో రుద్ది, పీచుతో తోమి, రెండుసార్లు మంచినీళ్లతో కడిగితే మళ్లీ చెమరుస్తుంది.

కుండ పగిలింది అని ఏడుపు మొహంతో ఫోన్ చెయ్యకు. పగిలితే కుమ్మరి ఇంటికి వెళ్లడానికి ఒక కారణం దొరికినట్టే. దీపావళికి ప్రమిదలు, బోనాల అప్పుడు బోనం కుండ, వినాయక చవితికి రంగుల్లేని మట్టి విగ్రహం కూడా ఆ ఇంటి దగ్గరే తీసుకో. మన ఇళ్లలో పెళ్లయితే ఐరేని కుండల కోసం ఎట్లాగూ వెళ్తాం. ఏడాదికి నాలుగైదుసార్లు ముఖం చూపిస్తే వాళ్లు నిన్ను గుర్తుపెట్టుకుంటారు, మంచి కుండ పక్కన పెట్టి ఉంచుతారు.

ఇక మీ అత్తగారిచ్చిన ఇత్తడి గిన్నెల సంగతి. అటక మీద పెట్టేశామన్నావు. దించు. ఇత్తడిలోనూ రాగిలోనూ పులుపు వండకూడదు, నిల్వ ఉంచకూడదు, కిలుం పట్టి ఆహారం చెడుతుంది. అందుకే లోపల తగరం పూత వేయిస్తారు, అదే కళాయి. కంచు కంచాలకు ఇది అక్కర్లేదు. బేగంబజార్ ఇత్తడి సామాన్ల కొట్లలో అడిగితే కళాయి వేసేవాళ్లను చూపిస్తారు. మన హైదరాబాద్‌లో బిర్యానీ వండే పెద్ద పెద్ద రాగి దేగ్‌లకు కూడా ఈ పూత పడాల్సిందే, ఈ పని ఇక్కడ ఇంకా నిలబడిందంటే అదొక కారణం.

గిన్నె ఇచ్చేసి వెళ్లిపోకు, దగ్గరుండి చూడు. ముందు లోపలంతా మట్టీ మసీ జిడ్డూ లేకుండా తోముతారు. బొగ్గుల మీద గిన్నె తిప్పుతూ కాలుస్తారు. చాలినంత వేడెక్కాక నవసాగరం పొడి చల్లుతారు, తెల్లటి పొగ గుప్పున లేస్తుంది, కాస్త దూరంగా నిలబడు. ఆ పొడే లోహాన్ని శుభ్రం చేసి తగరం అంటుకునేలా చేస్తుంది. వెంటనే తగరం కడ్డీ ఒక చోట ఆనిస్తారు, అది నీళ్లలా కరిగి జారుతుంది. పత్తి ముద్దతో గిర్రున ఒక చుట్టు తుడిచేసరికి పసుపు రంగంతా పోయి గిన్నె లోపల వెండిలా అయిపోతుంది. కళ్లు మూసి తెరిచేంతలో అయిపోయే పని. ఆ ఒక్క క్షణంలో వేడి కాస్త ఎక్కువైనా తక్కువైనా పూత మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఆ మనిషి చెయ్యి చూడు బిడ్డా, గౌరవం దానంతట అదే వస్తుంది. బేరం ఆడాలనిపించదు.

రెండు జాగ్రత్తలు. సీసం కలవని మంచి తగరమే వేయమని ముందే చెప్పు, దానికి నాలుగు డబ్బులు ఎక్కువ అడిగినా ఇచ్చెయ్. సీసం ఒంటికి విషం, అందులోనూ చిన్నపిల్ల ఉన్న ఇల్లు మీది. రెండోది, తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది. కాబట్టి కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టకు, అందులో పోపులూ వేపుళ్లూ చెయ్యకు. నీళ్లుండే వంటలు, పప్పు, పులుసు, పాలు, అన్నం చేసుకో. ఇనుప పీచుతో గీకొద్దు. ఎక్కడైనా పసుపు రంగు తొంగిచూసిందంటే మళ్లీ పూత వేయించే టైం అయినట్టు.

పోపులకూ దోసెలకూ ఇనుప మూకుడు, ఇనుప పెనం ఉండాలి. కత్తిపీట కూడా ఒకటి చేయించు. రెడీమేడ్‌గా స్టీలు రేకుతో చేసింది కాకుండా, కమ్మరి చేసింది తీసుకో. కమ్మర్లు దీనికి లారీల పాత కమాన్ పట్టీలు వాడతారు, ఆ ఉక్కు అంత మంచిది. ఎర్రగా కాల్చి, కొట్టి సాగదీసి, చివరికి అంచును నీళ్లలో ముంచుతారు. మరీ గట్టిపడితే అంచు పెళుసై ఊడుతుంది, మెత్తగా మిగిలితే పదును నిలవదు. ఎంత వేడి మీద ముంచాలో కమ్మరి ఇనుము రంగు చూసి చెబుతాడు. పదును పోయాక సానపట్టించడానికి ఆయన దగ్గరికే వెళ్లు. తుప్పు పడితే చింతపండు, ఉప్పు పెట్టి రుద్ది, కడిగి, ఆరాక నువ్వుల నూనె రాయి.

వెదురు సామాన్లో ఒక చాట, ఒక జల్లెడ, కూరగాయలకు రెండు బుట్టలు తీసుకో. మేదరివాళ్లు వెదురును చీల్చేటప్పుడు పై తొక్కు ఉన్న బద్దలు వేరుగా, లోపలి మెత్తటి బద్దలు వేరుగా తీస్తారు. పై బద్దలతో అల్లింది నిగనిగలాడుతుంది, చాలాకాలం ఉంటుంది. అంచు ఎట్లా కట్టారో చూడు, బుట్ట బలమంతా అక్కడే. సూదిమొనంత రంధ్రాలు, కింద తెల్లటి పొడి రాలుతుంటే పురుగు పట్టినట్టు, అది ఇంట్లోకి తేకు. కొత్త చాటను అట్లాగే వాడకుండా, మెంతులూ కాగితాలూ నానబెట్టి రుబ్బి, కాస్త పసుపు కలిపి, ఆ ముద్దను పలచగా పూసి ఎండబెట్టు. సందులు పూడుకుని రవ్వ కూడా జారదు, పురుగు కూడా అంత తొందరగా పట్టదు. మీ పెద్దమ్మ దగ్గర నేర్చుకో, ఒక పూట పని.

బట్టల విషయంలో నీకు నాకన్నా ఎక్కువ తెలుసు, క్లుప్తంగా రాస్తాను. కర్టెన్లకూ దుప్పట్లకూ పోచంపల్లికే వెళ్లండి. విజయవాడ రోడ్డు మీదుగా వెళ్తే ఇక్కడి నుంచి 50 కిలోమీటర్ల లోపే. అక్కడి నేతను ఇక్కత్ అంటారు. అందులో నేసిన తర్వాత అచ్చు వెయ్యరు, నూలును ముందే కట్టి రంగులద్ది, ఆ రంగులు డిజైన్‌గా కలిసేలా నేస్తారు. అందుకే బట్టకు రెండువైపులా రంగు ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కాస్త జరిగినట్టు ఉంటాయి. వెనక్కి తిప్పితే వెలిసినట్టు ఉంటే అది ప్రింటు. 2006లో మొదలైన హ్యాండ్‌లూమ్ మార్క్ గుర్తు ఉందేమో కూడా చూడు.

రేటు విని గుండె గుభేలుమంటే ఒక్క సంగతి తలుచుకో. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే కట్టి రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి పరచాలంటే, దారాన్ని పట్టుకుని చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ ఆడించాలి. ఆ పని ఇంటి ఆడవాళ్లది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి ఆసు యంత్రం తయారుచేశాడు. ఆమె పేరు మీదే దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ మిషన్ వచ్చాక కూడా కట్టడం, రంగులద్దడం, నేయడం అన్నీ చేతిపనులే. ఇంట్లో ఎంతమంది, ఎన్ని రోజులు పనిచేస్తే ఈ బట్ట తయారైందో అడుగు. మీ ఇంటికి వచ్చే ఎలక్ట్రీషియన్‌కు రోజుకు ఎంత ఇస్తున్నావో దాంతో లెక్కేసి చూడు. చాలాసార్లు నువ్వే తక్కువ ఇస్తున్నావని తేలుతుంది.

గొంగడి ఒకటి తప్పకుండా కొను. దక్కను గొర్రెల నల్ల ఉన్నితో కురుమవాళ్లు నేస్తారు. చింతగింజల గంజి పట్టించి నేస్తారు కాబట్టి కొత్తలో బిరుసుగా, గుచ్చుకుంటున్నట్టు ఉంటుంది. వాడగా వాడగా మెత్తబడుతుంది. మాంసం కోసం ఉన్ని లేని జాతుల గొర్రెలు పెరిగి, ఈ నల్ల ఉన్ని గొర్రెలు తగ్గిపోతున్నాయి. ఉన్నికి గిరాకీ ఉంటేనే ఆ గొర్రెను పెంచుతారు. నేల మీద పరుచుకుని పడుకోండి, పిల్లను ఆడించండి. వాషింగ్ మెషీన్‌లో మాత్రం వెయ్యకు, ముడుచుకుపోతుంది. ఎండలో వేసి దులిపి, మడతల్లో ఎండిన వేపాకు పెడితే చాలు.

గోడ బోసిగా ఉంటుందని బెంగ వద్దు. చూడటానికే చేసే పనులూ మనకున్నాయి, గోడకు వాటిని తీసుకో. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీ కళాకారులు ఉన్నారు. ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, వెనక ఎర్ర రంగు ఉండేలా కథంతా బొమ్మలుగా వేస్తారు. ఒకప్పుడు ఊరూరా కథ చెప్పేవాళ్లు ఆ పటం విప్పుతూ ఒక్కో బొమ్మ చూపిస్తూ పాడేవాళ్లు. ఇప్పుడు ఫ్రేములోకి సరిపోయే చిన్నవీ వేస్తున్నారు. వరంగల్ రోడ్డు మీద జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు కొట్టి తేల్చే పని చేస్తారు, పూజగది తలుపుకు అది బాగుంటుంది. నిర్మల్ బొమ్మలు పొణికి చెక్కతో చేస్తారు, చాలా తేలిక, తడి తగలనివ్వకు.

ఈ ఊళ్లకు వెళ్లే ముందు ఒకసారి గోల్కొండ ఎంపోరియంలో, అదే ప్రభుత్వ చేతిపని సామాన్ల కొట్టులో, తిరిగి రేట్లు చూసిరండి, అక్కడ ఫిక్స్‌డ్ రేట్లు కాబట్టి ఒక అందాజా వస్తుంది. శిల్పారామం మీకు దగ్గరే. జనవరిలో నాంపల్లి నుమాయిష్ కూడా ఉంటుంది. ఇట్లాంటి చోట్ల స్టాల్‌లో కూర్చున్నది చేసేవాడా, అమ్మేవాడా అని కనుక్కో. చేసేవాడైతే ఊరూ ఫోన్ నంబరూ అడిగి రాసుకో. తర్వాత నేరుగా ఇంటికే వెళ్లొచ్చు.

మనిషితో ఎట్లా మాట్లాడాలో అన్నిటికన్నా ముఖ్యం. పనిలో ఉన్నప్పుడు అడక్కుండా ఫొటోలు, వీడియోలు తియ్యకు. మీ తాత చెక్క చెక్కే బాడిస పట్టుకున్నప్పుడు ఎవరైనా పక్కన నిలబడి ప్రశ్నలు వేస్తే పలికేవాడు కాదు, దెబ్బ తప్పితే వేలు పోతుంది కదా. ఆర్డర్ ఇచ్చేటప్పుడు సగం డబ్బు ముందే ఇవ్వు, ముడిసరుకు కొనుక్కోవాలి. వారంలో కావాలి, రెండు రోజుల్లో కావాలి అని టెన్షన్ పెట్టకు. ముసురు పట్టినప్పుడు కుండ ఆరదు, బట్టకు వేసిన రంగు ఆరదు, అది వాళ్ల చేతిలో లేదు. ఒకరు గీసిన డిజైన్ ఫొటో తీసి ఇంకొకరి దగ్గర చవకగా చేయించడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు. చేతిపనివాడికి అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి లేదు.

నువ్వు చెయ్యగలిగిన సాయం ఇంకోటుంది. 2023 సెప్టెంబర్ 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, బుట్టలల్లేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, శిల్పులు, బొమ్మలు చేసేవాళ్లు, ఇట్లా 18 వృత్తులకు అందులో చోటుంది. శిక్షణ తీసుకునే రోజులకు రోజుకు 500, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తారు. తాకట్టు లేకుండా 5 శాతం వడ్డీకి ముందు లక్ష, అది కట్టాక 2 లక్షల దాకా అప్పు ఇస్తారు. ఇంటికి ఒక్కరికే వర్తిస్తుంది. కామన్ సర్వీస్ సెంటర్లో పేరు రాయించుకోవాలి. చాలామంది ఆధార్‌కు ఫోన్ నంబరు కలవక, ఫారం అర్థంకాక ఆగిపోతారు. నీకు ఇవన్నీ అలవాటే. నువ్వు కొనే కుమ్మరికీ మేదరికీ దీని గురించి తెలుసా అని అడుగు, తెలియకపోతే ఒక గంట కూర్చుని రాసిపెట్టు. నువ్వు కొనే పది కుండల కన్నా అది ఎక్కువ పనికొస్తుంది.

అన్నీ ఒకేసారి కొనొద్దు. ఈ నెల కుండలు, కళాయి. అవి వాడుకలో పడ్డాక వెదురు, ఇనుము. బట్టలు, గొంగడి, బొమ్మలు పండగలకు. ఒక్కొక్కటీ చేతికి అలవాటైతేనే రెండోది తెచ్చుకో, లేకపోతే అన్నీ మళ్లీ అటకెక్కుతాయి.

వచ్చే ఆదివారం వీలుంటే ఇత్తడి గిన్నెలు పట్టుకుని మా ఇంటికి రండి. పొద్దున్నే వస్తే ఎండ ముదరకముందే బేగంబజార్ వెళ్లొద్దాం. అల్లుణ్నీ తీసుకురా, ఆయనా చూడాలి.

భోజనాల పీటలు మాత్రం ఎక్కడా కొనకు, నేను చేసిపెడతాను. బాగా ఎండిన వేపచెక్క నా దగ్గర ఉంది. నీకూ అల్లుడికీ ఒకే ఎత్తు సరిపోదు. గోడకు ఆనుకుని బాసిపట్లు వేసుకుని కూర్చుని, మోకాలు నేలకు ఎంత ఎత్తులో ఉంటుందో ఇద్దరిదీ విడివిడిగా కొలిచి పంపు. పిల్లదీ పంపు, దానికి చిన్నది చేస్తాను.

ఇట్లు
నీ పెద్దనాన్న
సికింద్రాబాద్